ప్రోగ్రెస్ కార్డులో ర్యాంకు ఎవరి కోసం? పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

ఫలితాల కాలం కావడంతో ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అధిక భాగం ర్యాంకుల గురించే ఉన్నాయి. వేరువేరు ఊళ్ల నుంచి వచ్చినా అవన్నీ ఒకే విషయాన్ని తలో వైపు నుంచి అడుగుతున్నాయి కనుక ఈ సంచికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు గానీ, బడుల పేర్లు గానీ ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి చదువుతోంది. ప్రతి శనివారం పరీక్ష పెట్టి, సోమవారం పొద్దున్నే మూడు సెక్షన్ల పిల్లల ర్యాంకులూ నోటీసు బోర్డులో అంటిస్తారు. నెలకొకసారి ఆ ర్యాంకులను బట్టి సెక్షన్లు మారుస్తారు. పోయిన నెల మా పాపను ‘ఏ’ సెక్షన్ నుంచి బీ సెక్షన్‌కు పంపారు. అప్పటి నుంచి బడికి వెళ్లనని ఏడుస్తోంది. హెడ్మాస్టరుగారిని అడిగితే ‘పోటీ లేకపోతే ఈ కాలం పిల్లలు పుస్తకం పట్టరమ్మా’ అన్నారు. ఆయన మాట కొట్టిపారేయాలనీ లేదు, పాప బాధ చూడలేకపోతున్నాను. ర్యాంకులు పెట్టడం మంచిదేనా?
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అమ్మా, సూటిగా చెబుతాను. పరీక్ష పెట్టడం తప్పు కాదు, మార్కులు వేయడమూ తప్పు కాదు. పన్నెండేళ్ల పిల్లలను మొదటి నుంచి చివరి దాకా వరుసపెట్టి, ఆ వరుసను గోడకు అంటించి, దాని ప్రకారం గదులు మార్చడం మాత్రం తప్పు.

హెడ్మాస్టరుగారి మాటలో కొంత నిజముందని ముందు ఒప్పుకోవాలి. వియత్నాంలో ఆంగ్లం నేర్చుకుంటున్న విశ్వవిద్యాలయ విద్యార్థులపై జరిపి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తమ స్థానమేమిటో తెలిసినవారు తెలియనివారి కన్నా బాగా రాశారు. పశ్చిమ కెన్యాలో ఆరో తరగతి బాలికలకు ప్రతిభా ఉపకారవేతనాలు ఇచ్చి చూసినప్పుడు, బుసియా జిల్లాలో గెలిచే అవకాశం పెద్దగా లేని పిల్లలు కూడా మెరుగుపడ్డారు, ఉపాధ్యాయుల హాజరు సైతం పెరిగింది. కాబట్టి పోటీకి పిల్లలను కదిలించే శక్తే లేదనడం సత్యదూరం.

కానీ కెన్యాలో ఆ ఉపకారవేతనం ఫస్టు వచ్చిన ఒక్కరికి కాక, వందకు పదిహేను మందికి దక్కేది. ఏడాదంతా చదివి చివర ఒక్కసారి రాసే పరీక్ష అది, ప్రతి శనివారం తీర్పు చెప్పే పరీక్ష కాదు. వియత్నాంలో రాసినవారు పెద్ద పిల్లలు, తమంతట తాము ఆ కోర్సుకు వచ్చినవారు. చిన్న పిల్లల విషయంలో మనం చూడవలసినది ఇంగ్లండులో మర్ఫీ, వైన్‌హార్ట్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు చేసిన పరిశీలన. ప్రాథమిక బడి చివర ఒకే మార్కులు తెచ్చుకున్న ఇద్దరు పిల్లల్లో, తన తరగతిలో పై స్థానంలో ఉన్న బిడ్డ ఆ తరువాతి బడిలోనూ బాగా చదివింది; అవే మార్కులతో తన తరగతిలో కింది స్థానంలో ఉన్న బిడ్డ వెనకబడింది. తెలివి ఒకటే, చదివినదీ ఒకటే, తేడా చాలావరకు తన గురించి తాను ఏమనుకుందన్న దాంట్లో ఉందని వారి అభిప్రాయం. మీ పాప ‘ఏ’ సెక్షన్‌లో చివరన ఉన్నప్పుడు ఎంత వచ్చో బీ సెక్షన్‌కు వెళ్లిన రోజునా అంతే వచ్చు. మారినది ఆమెకు తన మీద ఉన్న నమ్మకం. దాన్ని మార్చే అధికారం ఒక శనివారం పరీక్షకు ఇవ్వకూడదు.

అసలు ర్యాంకు బిడ్డకు ఏం చెబుతుందో చూడండి. మూడు బై నాలుగు నుంచి రెండు బై మూడు తీసివేయమని లెక్క ఇచ్చారనుకుందాం. ఒక పిల్ల పై అంకె నుంచి పై అంకె, కింది అంకె నుంచి కింది అంకె తీసేసి, ఒకటి బై ఒకటి అని రాస్తుంది. ఇంకొక పిల్ల కసాగు పన్నెండని సరిగ్గా పట్టుకొని, తొమ్మిదిలోంచి ఎనిమిది తీసేటప్పుడు తొందరలో రెండని వేస్తుంది. ఇద్దరికీ ఆ లెక్కకు సున్నాయే పడుతుంది, ఇద్దరూ పక్కపక్క ర్యాంకుల్లోనే ఉంటారు. మొదటి పిల్లకు భిన్నమంటే ఏమిటో కాగితం మడిచి చూపించి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. రెండో పిల్లకు రాసింది ఒకసారి సరిచూసుకునే అలవాటు చేస్తే చాలు. పదిహేడో ర్యాంకు, పద్దెనిమిదో ర్యాంకు అన్న మాటల్లో ఈ తేడా ఎక్కడా కనిపించదు. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు అయిదు, ఆరు తరగతుల పిల్లలపై చేసి 1988లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయంలో నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. జవాబు పత్రం మీద ‘ఇది బాగుంది, ఇక్కడ ఇలా చేసి చూడు’ అన్న మాటలు మాత్రమే అందుకున్న పిల్లలకు ఆసక్తీ పెరిగింది, పనీ మెరుగుపడింది. ఆ మాటల పక్కనే అంకె కూడా వేసిన పిల్లలకు ఆ మేలు దక్కలేదు. అంకె కనబడితే కళ్లు దాని మీదే ఉంటాయి. మాటను ఎవరూ చదవరు.

ఇక సెక్షన్ల సంగతి. అనుభవమున్న టీచర్లను ‘ఏ’ సెక్షన్‌కు, ఆ ఏడాదే చేరినవారిని చివరి సెక్షన్‌కు వేయడం మన దగ్గర చాలా చోట్ల జరుగుతున్నదే. ఎవరికి బోధన ఎక్కువ అవసరమో వారికే తక్కువ అందించి, పరీక్షలో వెనకబడ్డారని మళ్లీ వారినే నిందించడం ఎంత అన్యాయం! విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ వర్తించేలా మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం విద్యాసంస్థలు, ముఖ్యంగా కోచింగ్ కేంద్రాలు, వీలైనంత వరకు మానుకోవాలని అందులో ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధిస్తోంది. ఈ రెండింటినీ పేర్కొంటూ హెడ్మాస్టరుగారికి ఒక ఉత్తరం మర్యాదగా రాసి ఇవ్వండి. మీతో పాటు మరో నలుగురైదుగురు తల్లిదండ్రులు సంతకం చేస్తే మరీ మంచిది. ర్యాంకుల జాబితా బోర్డు మీద పెట్టవద్దని, దానికి బదులు దిద్దిన జవాబు పత్రాలు ఇంటికి పంపమని అడగండి. ఆ పత్రాలు వచ్చాక పాప పక్కన కూర్చొని మార్కులు కూడకుండా, తప్పు జరిగిన ప్రతి చోటా ‘ఇక్కడ ఏమనుకొని ఇలా రాశావు?’ అని మాత్రమే అడగండి. కొంతకాలం పోయినా ఏడుపు తగ్గకపోతే, నిద్ర, తిండి తగ్గినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

ప్రశ్న: నమస్కారం. నీట్, జేఈఈ, ఎప్‌సెట్ అన్నీ ర్యాంకుల మీదే నడుస్తున్నాయి. బయట ర్యాంకు, బడిలో ర్యాంకు లేదంటే పిల్లలను మోసం చేసినట్టు కాదా? పదో తరగతిలో గ్రేడ్లు పెట్టిన రోజుల్లో బాగా చదివేవాడికీ, ఓ మోస్తరుగా చదివేవాడికీ ఒకటే గ్రేడు వచ్చి ప్రతిభకు విలువ లేకుండా పోయింది కదా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: గ్రేడ్ల విషయంలో మీరన్నదానితో నేను చాలావరకు ఏకీభవిస్తాను. ఉమ్మడి రాష్ట్రంలో 2012 నుంచి పదో తరగతి ఫలితాలు గ్రేడ్లలో ఇచ్చారు. పదికి పది జీపీఏ వచ్చినవారు వేలల్లో ఉండేసరికి, ట్రిపుల్ ఐటీ సీట్ల దగ్గర వారిలో ఎవరు ముందో తేల్చడానికి ఒక్కొక్క సబ్జెక్టు గ్రేడు, చివరికి పుట్టిన తేదీ దాకా వెళ్లవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2022లో, తెలంగాణ 2025 ఫలితాలతో తిరిగి మార్కులు ఇవ్వడం మొదలుపెట్టాయి. ఇది సరైన పనేనని నా అభిప్రాయం, ఎందుకంటే బిడ్డకు తన మార్కులు తెలుసుకునే హక్కు ఉంది.

అయితే మార్కు వేరు, ర్యాంకు వేరు. వందకు 78 అంటే పాఠంలో ఎంత వచ్చిందో కొంతైనా తెలుస్తుంది. ఇరవయ్యో ర్యాంకు అంటే పక్కవాళ్లకు ఎంత వచ్చిందో తెలుస్తుంది. తరగతిలో ప్రతి ఒక్కరికీ పది మార్కులు పెరిగినా ఇరవయ్యోవాడు ఇరవయ్యో స్థానంలోనే ఉంటాడు. ఏడాదంతా కష్టపడి నేర్చుకున్నది ఆ కార్డులో లేదు. మార్కులు తిరిగి ఇచ్చినప్పుడే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, వాటిని పట్టుకొని విద్యాసంస్థలు ర్యాంకుల ప్రకటనలు చేయకూడదని ఆదేశిస్తూ, చేస్తే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటాయని చెప్పింది. అంత కఠినమైన మాట అన్న తరువాత కూడా మన కూడళ్లలో ఫ్లెక్సీలు తగ్గలేదంటే, ర్యాంకు అవసరం ఎవరిదో మీకే అర్థమవుతుంది.

ప్రవేశ పరీక్షల్లో ర్యాంకు ఎందుకుంది? సీట్లు తక్కువ, అడిగేవారు ఎక్కువ. ఎవరికి ముందు ఇవ్వాలో ఏదో ఒక క్రమం కావాలి. ఆ క్రమం కూడా ఎంత సున్నితమైనదో 2024లో చూశాం. జూన్ 4న వచ్చిన నీట్ ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. గ్రేస్ మార్కులు రద్దై, ఫిజిక్స్‌లో ఒక ప్రశ్నకు సరైన జవాబు ఒక్కటేనని సుప్రీంకోర్టు తేల్చిన తరువాత ఆ సంఖ్య 17కు దిగింది. దేశమంతటికీ నిపుణులు తయారుచేసిన పత్రంలోనే ఒక ప్రశ్న ఇన్ని స్థానాలను తారుమారు చేస్తే, శుక్రవారం సాయంత్రం స్టాఫ్ రూములో హడావుడిగా తయారైన ప్రశ్నపత్రంతో పన్నెండో ర్యాంకుకూ పదిహేనో ర్యాంకుకూ మధ్య నిజమైన తేడా ఉందని ఎలా నమ్మగలం? ఏడో తరగతిలో పంచవలసిన సీట్లు లేవు. అక్కడ ఒకరికి గణితం వస్తే ఇంకొకరికి తగ్గేదేమీ లేదు.

పోటీకి తయారు కారేమోనన్న మీ భయానికి సింగపూర్ మంచి జవాబు. పోటీ చదువులకు ఆ దేశం పెట్టింది పేరు. అక్కడి ప్రభుత్వం 2012లో ప్రాథమిక తుది పరీక్ష టాపర్ల పేర్లు ప్రకటించడం ఆపేసింది. 2019 నుంచి ప్రోగ్రెస్ కార్డుల్లో తరగతి స్థానాన్నే తీసివేసింది. 2021లో, తోటివారితో పోల్చి లెక్కగట్టే పాత స్కోరు స్థానంలో, పిల్లవాడు సాధించిన స్థాయిని మాత్రమే చెప్పే పద్ధతి తెచ్చింది. ఆ తరువాత జరిగిన 2022 పీసా అంతర్జాతీయ విద్యార్థుల పరీక్షల్లో గణితం, సైన్సు, పఠనం మూడింటిలోనూ సింగపూరే మొదటి స్థానంలో నిలిచింది. ర్యాంకు తీసేసినందువల్లే అలా నిలిచిందని నేననను. తీసేసినందువల్ల చదువు కుంటుపడలేదన్నది మాత్రం కళ్లెదుట ఉంది. మన పొరుగున తమిళనాడు కూడా 2017 నుంచి పది, పన్నెండు తరగతుల టాపర్ల జాబితాలు ప్రకటించడం మానేసింది. సీబీఎస్‌ఈ మెరిట్ జాబితా ఇవ్వడం లేదు గానీ, దాని ఏ-1 గ్రేడు మాత్రం ఉత్తీర్ణులైనవారిలో పై ఎనిమిదో వంతుకు ఇచ్చేది. అంటే అది గ్రేడు పేరుతో ఉన్న స్థానమే. మీ బిడ్డ సీబీఎస్‌ఈలో చదువుతుంటే గ్రేడు కన్నా పక్కనున్న మార్కులనే చూడండి.

ప్రశ్న: మాస్టారుగారికి నమస్కారాలు. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మా ఊరి పూర్వ విద్యార్థులు ఏటా పదో తరగతిలో ఫస్టు వచ్చినవారికి పదివేల రూపాయలు ఇస్తామంటున్నారు. ఏటా ఆ బహుమతి ఇంట్లో చదువుకున్నవాళ్లున్న పిల్లలకే వెళుతుందని నా అనుమానం. వద్దంటే దాతలు నొచ్చుకుంటారు. ఎలా ఇప్పిస్తే బాగుంటుంది?
– ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: టీచరుగారూ, డబ్బు వద్దనకండి. బాగా చదివిన బిడ్డను ఊరు మెచ్చుకోవడం మంచి ఆచారం. ఆటల్లో గెలిచినవారికి కప్పు ఇచ్చి, చదువులో గెలిచినవారిని దాచిపెట్టడం నాకు న్యాయంగా తోచదు. మార్చవలసినది షరతు మాత్రమే.

‘ఫస్టు వచ్చినవారికి’ అనే బదులు ‘ఫలానా మార్కులు దాటిన ప్రతి ఒక్కరికీ’ అని పెట్టించండి. ఆ గీత ముందుగానే, జూన్‌లోనే చెప్పాలి. అప్పుడు ఒకరి గెలుపు ఇంకొకరి ఓటమి కాదు. పిల్లలు నోట్సులు దాచుకోరు. డబ్బు సరిపోదంటారేమో, పదివేలు ఒకరికి ఇవ్వడం కన్నా వెయ్యి చొప్పున పదిమందికి ఇవ్వడం మేలు. ఇంకొక భాగం, సమ్మెటివ్-1 నుంచి పబ్లిక్ పరీక్షకు బాగా మెరుగుపడిన పిల్లలకు కేటాయించండి. 35 నుంచి 62కు వచ్చిన బిడ్డ చేసిన పని, 94 నుంచి 95కు వచ్చిన బిడ్డ చేసిన పని కన్నా చిన్నదేమీ కాదు.

మెరుగుదలకు బహుమతి ఇస్తే ఏమవుతుందో మన నేల మీదే తేలింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో, పిల్లల మార్కులు అంతకుముందు కన్నా ఎంత పెరిగాయన్న దాన్ని బట్టి ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చి చూశారు. రెండేళ్ల తరువాత ఆ బడుల పిల్లలు మిగతా బడుల వారిని గణితంలోనూ, తెలుగులోనూ స్పష్టంగా దాటారు. బోనస్‌తో సంబంధమే లేని సైన్సు, సోషల్‌లో కూడా మెరుగ్గా రాశారు. అది ఉపాధ్యాయులకు ఇచ్చినది, పిల్లలకు కాదు. కానీ బడి బడిని ఎక్కడి నుంచి బయలుదేరిందో అక్కడి నుంచి కొలిచారు, అదే కీలకం. పిల్లలకు నేరుగా డబ్బిచ్చిన ప్రయోగాలు అమెరికాలో రోలాండ్ ఫ్రయర్ చేశారు. న్యూయార్క్‌లో పరీక్ష మార్కులకు, షికాగోలో గ్రేడ్లకు డబ్బిస్తే చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. డల్లాస్‌లో ఒక్కో పుస్తకం చదివినందుకు రెండు డాలర్లు ఇస్తే చదివి అర్థం చేసుకునే శక్తి పెరిగింది. మార్కు ఎలా తెచ్చుకోవాలో తెలియని పిల్లవాడికి మార్కుకు డబ్బిస్తానంటే ఏం చేయగలడు? పుస్తకం చదవడం మాత్రం తన చేతిలో ఉన్న పని. కాబట్టి దాతలను ఒప్పించగలిగితే కొంత సొమ్ము కింది తరగతుల్లో బడి లైబ్రరీ పుస్తకాలు చదివి, వాటి గురించి నాలుగు మాటలు చెప్పగలిగిన వారికి పుస్తకాల రూపంలో ఇప్పించండి.

మీ అనుమానం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఇంట్లో ట్యూషను, కరెంటు, చదువుకోవడానికి మూల ఉన్న బిడ్డనూ, పత్తి తీసే రోజుల్లో బడి మానవలసి వచ్చే బిడ్డనూ ఒకే వరుసలో నిలబెడితే ఎవరు ముందుంటారో పరీక్ష పెట్టకుండానే చెప్పవచ్చు. దీన్ని గుర్తించిన పద్ధతులు మన దగ్గర ఉన్నాయి. ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో ప్రభుత్వ, జిల్లా పరిషత్, మునిసిపల్ బడుల పిల్లల జీపీఏకు 0.4 కలిపేవారు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ అనే జాతీయ ఉపకారవేతన పరీక్షకు కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యే దాకా ఏటా 12,000 రూపాయలు బిడ్డ ఖాతాలో పడతాయి. ఆ పరీక్షకు అర్హులైన పిల్లలు మీ ఎనిమిదో తరగతిలో తప్పక ఉంటారు. దాతలిచ్చే డబ్బులో కొంత వారి మెటీరియల్‌కూ, సాయంత్రం క్లాసులకూ పెడితే, ఒక్కొక్కరు నాలుగేళ్లలో 48,000 రూపాయలు ఇంటికి తెచ్చుకుంటారు. ఈ లెక్క చెబితే మీ పూర్వ విద్యార్థులు నొచ్చుకోరనే నా నమ్మకం.

ప్రశ్న: సార్, నేను పదో తరగతి. ఆరో తరగతి నుంచి నాకు సెకండ్ ర్యాంకే. ఫస్టు వచ్చేవాడు నా ఫ్రెండే. ఈ ఏడాది వాడు నాతో కలిసి చదవడం మానేశాడు. వాణ్ణి ఎలా దాటాలి?
– ఒక విద్యార్థి, టెక్కలి

జవాబు: బాబూ, వాణ్ణి దాటడం నీ చేతిలో లేదు, ఎందుకంటే వాడి మార్కులు నువ్వు రాయవు. నీ పాత పేపర్లన్నీ ముందేసుకొని, ఏ రకం ప్రశ్న దగ్గర నీకు పదేపదే మార్కులు పోతున్నాయో ఒక కాగితం మీద రాసుకో. సాధారణంగా అవి మూడు నాలుగు రకాలకు మించవు. ఒక్కొక్కదాన్నీ పట్టుకొని సార్ దగ్గరికి వెళ్లు. ఇక నీ స్నేహితుడి దగ్గరికి నువ్వే వెళ్లి, వాడికి కష్టంగా ఉన్న పాఠం ఏదో అడిగి, నీకు వచ్చినంత చెప్పు. ఎదుటివాడికి చెప్పగలిగినప్పుడే పాఠం నీకు పూర్తిగా వచ్చినట్టు. పబ్లిక్ పరీక్షలో ఇద్దరికీ 590 వస్తే రాష్ట్రంలో ఎవరూ మీ ఇద్దరిలో ఒకరిని రెండోవాడు అనరు.

ప్రశ్న: మా అబ్బాయికి పదిలో మంచి మార్కులు వచ్చాయి. స్కూలువాళ్లు, అంతకుముందు నెల రోజులు మాత్రమే వెళ్లిన ఒక కోచింగ్ సెంటర్‌వాళ్లు కూడా ఫ్లెక్సీ మీద ఫొటో వేస్తామంటున్నారు. వాడికి ఇష్టం లేదు. మేం కాదనవచ్చా?
– తల్లిదండ్రులు, విజయవాడ

జవాబు: తప్పక కాదనవచ్చు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కోచింగ్ కేంద్రాలు విజేతల పేరు, ఫొటో వాడుకోవాలంటే ఫలితాలు వచ్చిన తరువాత రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. చేరేటప్పుడు ఫారంలో పెట్టించుకున్న సంతకం చెల్లదు. ఆ విద్యార్థి తమ దగ్గర ఏ కోర్సు, ఎంతకాలం చదివాడో కూడా ప్రకటనలో చెప్పాలి. నెల రోజులు వచ్చిన పిల్లవాణ్ణి తమ ఘనతగా చూపించడానికి వీల్లేదు. మీకు ఇష్టం లేదని ఇద్దరికీ వాట్సాప్‌లో కాక కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. అయినా ఫొటో వేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. స్కూలు విషయంలో అయితే, ఆంధ్రప్రదేశ్‌లో ర్యాంకుల ప్రకటనల మీద ఉన్న ఆదేశాన్ని పైన చెప్పాను. ఫ్లెక్సీ ఫొటో తీసి, దాన్ని జతచేసి జిల్లా విద్యాశాఖాధికారికి అర్జీ పెట్టవచ్చు. అబ్బాయి ఇంటర్‌కు అక్కడే చేరవలసి వస్తుందేమోనన్న మొహమాటంతో ఊరుకోవద్దు. మార్కులు వాడివి, ఫొటో వాడిది, వద్దన్నది కూడా వాడే.